టెక్ సందేహాలు: ఎక్స్‌ఈవీ 9ఈనా, హారియర్ ఈవీనా? అమ్మను కూడా షోరూమ్‌కి తీసుకెళ్లండి

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంట్లో ఐదుగురం: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ. రోజూ 40 కిలోమీటర్ల తిరుగుడు, నెలకోసారి హైదరాబాద్, ఏడాదికోసారి తిరుపతి. మహీంద్రా ఎక్స్‌ఈవీ 9ఈ, టాటా హారియర్ ఈవీ రెండూ నడిపి చూశాను. రెండూ నచ్చాయి. ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. సొంత ఇల్లు, కారు పెట్టుకునే జాగా ఉన్నాయి. రేంజ్ (ఒకసారి ఛార్జ్ చేస్తే ఎంత దూరం పోతుందన్నది) గురించే నా టెన్షన్.

జవాబు: ముందే చెప్పేస్తాను. మీ ఇంటికి నా ఓటు హారియర్ ఈవీకి. అదీ 75 కిలోవాట్ అవర్ (అంటే 75 యూనిట్ల కరెంటు పట్టే) బ్యాటరీతో, వెనక చక్రాలకు మాత్రమే మోటారు ఉన్న రకానికి. కానీ దానికి కారణం మాత్రం రేంజ్ కాదు.

కాగితం మీద చూస్తే రేంజ్‌లో మహీంద్రాదే పైచేయి. 79 కిలోవాట్ అవర్ బ్యాటరీకి 656 కిలోమీటర్లు అంటున్నారు. మీరు చూస్తున్న హారియర్‌కి 627. ఈ రెండూ ఎంఐడీసీ పరీక్షలో వచ్చిన అంకెలు. అంటే కారును రోలర్ల మీద నిలబెట్టి, ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి కొలిచినవి. ఐదుగురు ఎక్కి, మే నెల ఎండలో ఏసీ పెట్టుకుని, హైవేలో గంటకు వంద మీద పోతే అంత రాదు. ఇలాంటి అంకె ఏది కనిపించినా నేను ముప్పై శాతం తీసేసి లెక్క వేస్తాను. అలా చూస్తే ఒకటి 460 దగ్గర, ఇంకొకటి 440 దగ్గర ఆగుతాయి. ఇరవై కిలోమీటర్ల తేడా మీ కాలు యాక్సిలరేటర్ మీద ఎంత బరువు వేస్తుందన్న దాన్ని బట్టే ఇటు అటు అయిపోతుంది.

హనుమకొండ నుంచి హైదరాబాద్ పోయి రావడం 300 కిలోమీటర్ల లోపే. రెండు కార్లూ దారిలో ఎక్కడా ఛార్జర్ ముఖం చూడకుండా వచ్చేస్తాయి. 65 కిలోవాట్ అవర్ హారియర్ కూడా రాగలదు. కానీ నగరంలో నాలుగు పనులు చూసుకుని తిరిగొచ్చేసరికి మిగిలేది తక్కువ కాబట్టి, డబ్బు సర్దుబాటైతే పెద్ద బ్యాటరీ తీసుకోండి.

ఇక తిరుపతి. ఖమ్మం, విజయవాడ, ఒంగోలు మీదుగా ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. ఏ కారైనా ఒకసారి ఆగక తప్పదు, రెండుసార్లు ఆగితే నిశ్చింత. ఇక్కడ సేల్స్‌మన్ మీకు మహీంద్రాకి 175 కిలోవాట్ల ఛార్జింగ్, 20 నిమిషాల్లో 20 నుంచి 80 శాతం అని చెబుతాడు. హారియర్‌కైతే 120 కిలోవాట్లు, 25 నిమిషాలు. రెండూ నిజమే, అంత కరెంటు ఇచ్చే ఛార్జర్ దొరికితే! మన హైవేల మీద ఎక్కువగా కనిపించేవి 30, 60 కిలోవాట్లవి. అరవైది దొరికితే దాదాపు గంట, ముప్పైది అయితే గంటన్నర. రెండు గన్‌లు (కారుకు తగిలించే ప్లగ్‌లు) ఉన్న చోట పక్కన ఇంకో కారు తగిలిస్తే చాలాచోట్ల కరెంటు చెరిసగం అవుతుంది. కాబట్టి కారు ఎంత తీసుకోగలదన్న దానికన్నా, మీరు భోజనానికి ఆగే చోట ఏం ఉందన్నదే ముఖ్యం. బయల్దేరే ముందే రెండు మూడు ఛార్జింగ్ కంపెనీల యాప్‌లు వేసుకుని, వాలెట్‌లో కొంత డబ్బు ఉంచుకోండి. సిగ్నల్ సరిగా లేని చోట ఓటీపీ కోసం ఎదురుచూడటం కన్నా చిరాకు ఇంకోటి లేదు.

తిరుమల ఘాట్ గురించి చాలామంది భయపడతారు. అవసరం లేదు. సుమారు ఏడు వందల మీటర్ల ఎత్తు ఎక్కించడానికి నిండు కారుకి ఐదారు యూనిట్లు అదనంగా ఖర్చవుతాయి. దిగేటప్పుడు రీజెన్ (మోటారే కారును నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపడం) వల్ల అందులో సగానికి పైగా తిరిగొస్తుంది. ఒక్క జాగ్రత్త: కొండ మీద బ్యాటరీని వంద శాతం నింపుకుని దిగొద్దు. నిండిన బ్యాటరీలోకి కరెంటు ఇక పోదు కాబట్టి రీజెన్ తగ్గిపోతుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది.

ఇప్పుడు అమ్మగారి సంగతి. నా లెక్కలో ఇదే అసలు తూకం. ఎక్స్‌ఈవీ 9ఈ పైకప్పు కూపే తరహాలో వెనక్కి పోయేకొద్దీ వాలుతుంది. చూడ్డానికి బాగుంటుంది, నేను కాదనను. కానీ మోకాళ్లు వంగని మనిషి తల వంచి, నడుము తిప్పి లోపలికి జరగాలంటే ఆ వాలు అడ్డొస్తుంది. హారియర్ పైకప్పు అంతగా వాలకుండా వెనకదాకా పోతుంది. పైగా ఏ ఎలక్ట్రిక్ కారులోనైనా బ్యాటరీ నేల కింద ఉండటంతో వెనక కూర్చున్నవారి మోకాళ్లు కాస్త పైకి లేస్తాయి. గంటసేపు కూర్చుంటేగాని అది తెలియదు. మీరు నడిపి చూశానన్నారు, అమ్మగారిని ఎక్కించి చూశారా? ఈసారి ఆవిడతో వెళ్లి, రెండింటిలోనూ మూడేసి సార్లు ఎక్కి దిగమనండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టండి. ఆవిడ మహీంద్రాలోనే సుఖంగా ఉందంటే నా ఓటు పక్కన పడేయండి.

సామాన్ల విషయంలో మాత్రం మహీంద్రానే పెద్దది. డిక్కీ 663 లీటర్లు, ముందు బానెట్ కింద ఇంకో 150. హారియర్‌ది 502. ఆ జాగా ఊరికే రాలేదు, కారు పొడవు 4.79 మీటర్లు. హారియర్ 4.6 మీటర్లు. మీ గేటు లోపలి కొలత టేపుతో తీసుకోండి. గేటు మూయాలంటే కారు ముందుకు జరపాల్సిన ఇళ్లు హనుమకొండలో నేను చూశాను.

స్క్రీన్ల మోజులో పడొద్దు. ఎక్స్‌ఈవీ 9ఈలో 12.3 అంగుళాలవి మూడు వరసగా ఉంటాయి. హారియర్‌లో 14.5 అంగుళాలది ఒకటి, మంచి వెలుతురుతో. నాకు ముఖ్యం ఏమిటంటే, కారు నడుస్తుండగా ఏసీ తగ్గించడానికి ఎన్నిసార్లు తట్టాలి, లేన్ అసిస్ట్ (కారును గీతల మధ్యే ఉంచే సదుపాయం) ఆపడానికి ఎన్ని మెనూలు దాటాలి. ఇవి రెండూ సాఫ్ట్‌వేర్‌తో నడిచే బళ్లు కాబట్టి, ఇప్పటికే కొన్నవాళ్లను దొరకబుచ్చుకుని ‘అప్‌డేట్ ఇంట్లోనే పడుతోందా, సర్వీస్ సెంటర్‌కి తీసుకురమ్మంటున్నారా’ అని అడగండి. హనుమకొండ, వరంగల్‌లలో హైవోల్టేజ్ పని తెలిసిన మెకానిక్ ఏ సెంటర్లో ఉన్నాడో కూడా కనుక్కోండి. ప్రతిసారీ హైదరాబాద్ పంపిస్తామంటే అది మీకు నిజమైన ఖర్చు.

నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే క్యూడబ్ల్యూడీ హారియర్ వేగంగా దూసుకుపోతుంది. కానీ మీ దారుల్లో దాని అవసరం కనబడదు. విడుదలైనప్పటి ధరల్లో 75 బ్యాటరీ, వెనక చక్రాల మోటారు ఉన్న పైస్థాయి ఎంపవర్డ్ రకం 27.49 లక్షలు, అదే క్యూడబ్ల్యూడీ అయితే 28.99. ఆ తేడాతో ఇంట్లో మంచి ఛార్జర్, వైరింగ్ చేయించుకోవచ్చు. మహీంద్రాలో 79 బ్యాటరీ ఉన్న ప్యాక్ త్రీ రకం 30.50 లక్షలు. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు ప్రకటించారు. ఈ ధర పెట్రోలు కారుకైతే పన్నే సుమారు ఐదు లక్షలు. కాబట్టి ఆ గడువు దాటనివ్వొద్దు.

భద్రతలో తేడా లేదు. భారత్ ఎన్‌క్యాప్ (కార్లను ఢీకొట్టించి చూసే మన దేశపు భద్రతా పరీక్ష)లో రెండింటికీ ఐదు నక్షత్రాలే, పెద్దల రక్షణకు 32కి 32 మార్కులే. బ్యాటరీకి ‘జీవితకాల’ వారంటీ రెండు కంపెనీలూ ఇస్తున్నాయి. అయితే అది మొదటి యజమానికి, సొంత వాడకానికి రిజిస్టరైన కారుకే. ఎవరికైనా అమ్మితే షరతులు మారతాయి.

మహీంద్రా సర్వీసు మీద నమ్మకం ఉండి, పైకప్పు వాలు ఒక్కటే అడ్డమైతే, 2025 నవంబరులో వచ్చిన ఏడు సీట్ల ఎక్స్‌ఈవీ 9ఎస్ కూడా చూసి రండి.

ప్రశ్న: ఫోన్‌లాగే కారునూ 80 శాతం దగ్గరే ఆపాలని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: అది అన్ని బ్యాటరీలకూ ఒకే తీరుగా వర్తించదు. పైన చెప్పిన రెండు కార్లలోనూ ఉన్నవి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్. వీటిలో ఖాళీకి, నిండుకి మధ్య చాలా భాగం ఓల్టేజి దాదాపు ఒకే దగ్గర ఉంటుంది. కాబట్టి ఎంత ఛార్జ్ మిగిలిందో ఓల్టేజి చూసి చెప్పలేం, కారు లెక్కగట్టుకోవాల్సిందే, ఆ లెక్క నెమ్మదిగా తప్పుతుంది. వారానికో, పది రోజులకో ఒకసారి వంద దాకా నింపితే మళ్లీ సరవుతుంది. మిగతా రోజుల్లో ఎనభై, తొంభై చాలు. నిండుగా నింపి ఎండలో వారాల తరబడి వదిలేయడం, సున్నాకు దించి మరిచిపోవడం మాత్రం మంచిది కాదు.

ప్రశ్న: ఇంట్లో 15 ఆంప్స్ సాకెట్ సరిపోతుందా, పెద్ద ఛార్జర్ పెట్టించాలా?

జవాబు: రోజుకు 40 కిలోమీటర్లంటే ఏడెనిమిది యూనిట్లు. సాకెట్ రాత్రి ఎనిమిది గంటల్లో ఇరవై నాలుగు దాకా ఇస్తుంది. కాబట్టి సరిపోతుంది. ఊరి ప్రయాణం ముందు రోజే కష్టం: పది శాతం నుంచి నిండడానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. 7.2 కిలోవాట్ల ఛార్జర్‌తో అది పది పదకొండు గంటల పని. దానికి ముందు మీటర్ మీద మంజూరైన లోడ్ (ఒకేసారి ఎంత కరెంటు వాడొచ్చన్న పరిమితి) ఎంతో చూసుకోండి. చాలా ఇళ్లలో మూడు నుంచి ఐదు కిలోవాట్లే ఉంటుంది. ఈవీకి విడిగా మీటర్ తీసుకుంటే ఇంటి స్లాబు పెరగదు. పై స్లాబుల్లో యూనిట్ తొమ్మిది రూపాయలు దాటుతుంది, ఈవీ మీటర్‌కి అంతకన్నా తక్కువ. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా ఛార్జర్లు మొదలే కావు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడొద్దు, ఒక్క రాత్రికైనా.