పోర్చుగల్‌లోని మరీన్యా గ్రాండ్ గాజుకూ, అచ్చులకూ ఎలా పేరు పొందింది?

లెయిరియా నగరానికి పడమట ఉన్న ఈ చిన్న పట్టణానికి గాజు పరిశ్రమను రప్పించింది ముఖ్యంగా వంటచెరకు లాంటి మామూలు సరుకే, అంటే కట్టెలు. గాజు కొలిమి రాత్రింబవళ్లు ఆరకుండా మండాలి. ఊరి పక్కనే రాజుగారి పైన్ అడవి ఉంది. 1748 ప్రాంతంలో జాన్ బేర్ అనే అతను కోయినా అనే ఊరి నుంచి తన గాజు కార్ఖానాను ఇక్కడికి తరలించాడు గాని, అది ఎక్కువ కాలం నిలవలేదు. 1769లో విలియం స్టీఫెన్స్ అనే ఆంగ్లేయుడు, అప్పటి శక్తిమంతుడైన మంత్రి పొంబాల్ ప్రభువు అండతో, ప్రభుత్వ రుణంతో, అడవి కట్టెలను ఉచితంగా వాడుకునే హక్కుతో దాన్ని మళ్లీ నిలబెట్టాడు. 1826లో అతని తమ్ముడు చనిపోతూ ఆ కార్ఖానాను పోర్చుగల్ ప్రభుత్వానికి రాసిచ్చాడు. ఇది అరుదైన సంగతే.

నాకు మరింత ఆసక్తికరంగా తోచేది తర్వాతి మలుపు. గొట్టం చివర ఎర్రగా వేలాడే గాజు ముద్దను లోహపు అచ్చులో ఉంచి ఊదితే సీసా రూపం వస్తుంది. ఆ అచ్చులను వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కిన చేతులే 1940ల నుంచి ప్లాస్టిక్ వస్తువుల అచ్చుల తయారీకి మళ్లాయి. కార్మికుల సంఘటిత బలం కూడా ఇక్కడ గట్టిదే: 1934 జనవరి 18న పోర్చుగల్ నియంత సలజార్ పాలనపై తిరగబడి కొన్ని గంటలపాటు పట్టణాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. నగర హోదా మాత్రం 1988లోనే దక్కింది. కొలిములను పోషించిన ఆ అడవిలో అత్యధిక భాగం 2017 అక్టోబరు మంటల్లో కాలిపోయింది.