అమ్మ హన్మకొండ వదిలి రానంటోంది

ప్రశ్న: అమ్మకు 76 ఏళ్లు. హన్మకొండలో పాతింట్లో ఒక్కతే ఉంటుంది. మొన్న బాత్రూంలో జారింది. హైదరాబాద్ రమ్మంటే "నా తులసికోట ఎవరు చూస్తరు బిడ్డా" అంటోంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: రానంటే లాక్కురాకండి, ఇంటినే సర్దండి. కమోడ్ పక్కన గోడకు గట్టి స్టీలు రాడ్ బిగించండి. టవల్ రాడ్ మనిషి బరువు ఆపదు. బాత్రూం తలుపుకు లోపలి గడియ తీయించేయండి. అలుగుతారు, కాజీపేటలో మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న బల్బు వెలగాలి. లేవగానే కళ్లు తిరుగుతున్నాయేమో అడగండి. బీపీ మాత్రల వల్ల కూడా అలా అవుతుంది, డాక్టర్‌కు చెప్పాలి. ఒక తాళంచెవి పక్కింట్లో ఇవ్వండి. 108, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 పెద్ద అంకెలతో గోడ మీద రాయండి. అన్నట్టు, ఆ తులసికోట చుట్టూ నాచు పట్టిందేమో చూశారా?