ఎండాకాలంలో పిల్లి ఆట మానేస్తే

ప్రశ్న: మేం విజయవాడలో మూడో అంతస్తులో ఉంటాం. మా మూడేళ్ళ పిల్లిని బయటికి వదలం. చలికాలంలో తాడుకు కట్టిన ఈక వెంట ఇల్లంతా పరుగులు తీసేది. ఏప్రిల్ నుంచి మాత్రం పగలంతా స్నానాలగది నేల మీద బారజాపుకొని పడుకుంటోంది. ఈకను ముఖం ముందు ఆడించినా తోక కొస కదిపి ఊరుకుంటోంది. తిండి కూడా కాస్త తగ్గింది. ఇది ఎండల వల్లనేనా, జబ్బు చేసిందనుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది ఎండ ప్రభావమే కావచ్చు. అయితే మధ్యాహ్నపు తీరు చూసి నిర్ణయానికి రాకుండా, తెల్లవారుజామునా, రాత్రి నేల చల్లబడ్డాకా దాన్ని గమనించండి. పిల్లి స్వభావరీత్యా వేకువనా మునిమాపునా వేటాడే జంతువు. ఎండకు మందగించిన పిల్లి ఆ వేళల్లో మళ్ళీ హుషారుగా తిరుగుతుంది. చల్లని వేళలోనూ అలాగే ముడుచుకొని పడుకుంటే మాత్రం జబ్బును అనుమానించాలి.

ఋతువులను బట్టి పిల్లుల తీరు మారడం గురించి మనకు దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాలవి. లండన్‌లో జూన్ పగలు 16 గంటలు దాటుతుంది, డిసెంబరులో 8 గంటలైనా ఉండదు; విజయవాడలో ఆ తేడా సుమారు 2 గంటలే. కాబట్టి మన దగ్గర పగటి నిడివి కన్నా వేడినీ, ఉక్కనూ ఎక్కువగా పట్టించుకోవాలి. పిల్లికి ప్రధానంగా పాదాల మెత్తల్లోనే చెమట పడుతుంది. ఒళ్ళు నాక్కున్నాక ఆ తడి ఆరడం వల్లే అది చాలావరకు చల్లబడుతుంది. కోస్తా ఉక్కలో ఆ తడి త్వరగా ఆరదు గనుక, కదలిక తగ్గించుకొని, పొట్టను చల్లటి గచ్చుకు ఆనించి పడుకోవడం అది తెలివిగా చేస్తున్న పనే. దాన్ని అక్కడినుంచి లేపకండి. చల్లగా ఉంటుందని బొచ్చు గొరిగించవద్దు.

ఆట మానిపించనక్కర్లేదు, వేళ మారిస్తే చాలు. రోహిణి కార్తె వెళ్ళేదాకా పొద్దెక్కకముందు ఒకసారి, రాత్రి భోజనాలయ్యాక ఒకసారి, ఐదు పది నిమిషాలు ఆడించండి. ఈకను ముఖం ముందు ఆడించడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే ఏ ఎలుకా తనంతట తాను పిల్లి ముఖం మీదికి రాదు. ఈకను పిల్లికి దూరంగా నేల మీద మెల్లగా లాగి, కాళ్ళు తుడుచుకొనే పట్టా అంచు కింద సగం దాచి, కాసేపు ఆపి, చిన్నగా ఒక్కసారి కదపండి. కనుపాపలు పెద్దవై, పిర్రలు అటూ ఇటూ కదిలాయంటే దూకబోతోందన్నమాట. చివర్లో ఈకను దానికి తప్పకుండా చిక్కనిచ్చి, వెంటనే తిండి పెట్టండి. చల్లపూట ఆట తర్వాత పెట్టిన తిండిని చాలా పిల్లులు ఇష్టంగా తింటాయి. ఆట కాగానే తాడు దాచేయండి. మింగిన తాడు పేగులను కోసేయగలదు. నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల, తిండికి దూరంగా ఉంచండి.

కొన్ని లక్షణాలను మాత్రం ఎండ మీదికి నెట్టకూడదు. పిల్లి నోరు తెరిచి రొప్పుతున్నా, చొంగ కారుస్తూ తూలుతున్నా, ఒంటి వేడి 40 డిగ్రీలు దాటినా అది వడదెబ్బ కావచ్చు. ఐసు నీళ్ళు కాకుండా మామూలు చల్లనీళ్ళతో ఒళ్ళు తడుపుతూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చప్పిడి ముక్కు పర్షియన్ పిల్లులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఒక రోజంతా ఏమీ తినకపోయినా ఆలస్యం చేయవద్దు; లావుగా ఉన్న పిల్లి తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసెటమాల్ ఇవ్వనే ఇవ్వవద్దు, అది పిల్లులకు విషం.

ప్రశ్న: తొలకరి పడగానే మా పిల్లి రాత్రంతా ట్యూబ్‌లైటు కింద ఉసుళ్ళను పట్టి తింటోంది. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నాలుగు ఉసుళ్ళు తింటే ఏమీ కాదు, ఎక్కువ తింటే రెక్కలతో సహా కక్కవచ్చు. చల్లబడ్డ వాతావరణంలో అంతసేపు గెంతడం దాని ఒంటికి మంచిదే. భయపడవలసింది పురుగుల మందు గురించి. ఉసుళ్ళ మీద స్ప్రే కొట్టి ఉంటే పిల్లిని ఆ గదిలోకి రానీయకండి. వానాకాలంలో గోమార్లు పట్టాయని కుక్కల పొడి చల్లడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే అలాంటి కొన్ని మందుల్లో ఉండే పర్మెత్రిన్ పిల్లులను చంపగలదు.