ఆసుపత్రి వ్యర్థాల ఉద్యోగం: చేరే ముందు ఆ గది చూసి రండి

ప్రశ్న: మాది ఆదోని. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రివారు బయోమెడికల్ వ్యర్థాల సూపర్‌వైజర్‌కు సహాయకురాలిగా తీసుకుంటామన్నారు. తను చేరతానంటోంది. మా బంధువులేమో ‘చెత్త ఎత్తడానికా ఇంత చదివించింది?’ అంటున్నారు. జబ్బులు అంటుకుంటాయేమోనని నా భయం. ఈ దారిలో భవిష్యత్తు ఉందా?

జవాబు: అమ్మా, బంధువుల మాట పక్కన పెట్టండి. మీ భయం మాత్రం పక్కన పెట్టాల్సింది కాదు. దాని సంగతే ముందు చూద్దాం.

ఈ పనిలో అసలు ప్రమాదం వాడేసిన సూదితోనే. హెపటైటిస్-బి (కాలేయానికి వచ్చే వైరస్ జబ్బు) ఉన్న రోగికి వాడిన సూది, టీకా వేయించుకోనివారికి గుచ్చుకుంటే వందలో ముప్పై మంది దాకా ఆ జబ్బు సోకవచ్చు. హెచ్‌ఐవీ విషయంలో అది వెయ్యికి మూడు. హెపటైటిస్-బికి మంచి టీకా ఉంది. మొదటి డోసు తర్వాత నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి వేస్తారు. సిబ్బందికి ఈ టీకా, ధనుర్వాతం టీకా వేయించాల్సిన బాధ్యత ఆసుపత్రిదేనని 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలే చెబుతున్నాయి. అది వాళ్లు చేసే మేలు కాదు, మీ అమ్మాయి హక్కు. చిన్నప్పుడు వేయించి ఉంటే ఆ కార్డు వెతికి పట్టుకెళ్లండి, రక్షణ ఇంకా ఉందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది. ఎంత జాగ్రత్తగా ఉన్నా సూది గుచ్చుకుంటే వెంటనే సబ్బు, నీళ్లతో కడుక్కుని అదే రోజు డాక్టరుకు చెప్పాలి. హెచ్‌ఐవీ నివారణ మందులు గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. తిడతారేమోనని దాచిపెట్టే పిల్లలను చూశాను. మీ అమ్మాయికి ఈ మాట మీరే గట్టిగా చెప్పండి.

ఇక పని సంగతి. వార్డులో ఒక ఇంజెక్షన్ చేశారనుకోండి. సూదిని కట్టర్‌లో పెట్టి కోస్తారు. అది గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలోకి వెళ్తుంది. మిగిలిన ప్లాస్టిక్ సిరంజి ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, మందు అయిపోయిన గాజు సీసా నీలం పెట్టెలోకి. సిరంజి మీది కవరు మామూలు చెత్త. ఒక్క ఇంజెక్షన్‌కు ఐదు దారులు! పసుపు సంచిలోవి కాల్చేస్తారు కాబట్టి, స్టాఫ్ నర్సు హడావిడిలో అన్నీ అందులో పడేసిందంటే ఆ ప్లాస్టిక్ కూడా దూదితో పాటు కాలుతుంది. అందులో క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ ఉంటే డయాక్సిన్ల వంటి విషాలు గాలిలో కలుస్తాయి. సూది ఎర్ర సంచిలో పడితే ఆ సంచి ఎత్తే ఆయమ్మ చేతికి గుచ్చుకుంటుంది. ఒకసారి కలిసిపోయాక చేత్తో వేరు చేయడం అంతకన్నా ప్రమాదం. అందుకే వేరు చేయడమంతా మంచం పక్కనే, ఆ నిమిషంలోనే జరగాలి. మీ అమ్మాయి పని సంచులు మోయడం కాదు. ఇది జరిగేలా చూడడం, సంచులు తూయించి బార్‌కోడ్ అంటించడం, 48 గంటలు దాటకుండా శుద్ధి కేంద్రం వాహనానికి అప్పగించడం, రిజిస్టరు రాయడం, ఏటా జూన్ 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి నివేదిక పంపడంలో సాయపడడం. తనకన్నా పెద్ద డాక్టర్లకూ నర్సులకూ ‘అది ఈ డబ్బాలో కాదు మేడం’ అని చెప్పగలగాలి. నా దృష్టిలో ఇందులో కష్టమైన భాగం ఇదే.

చేరే ముందు మీరిద్దరూ ఒకసారి ఆ ఆసుపత్రికి వెళ్లి వ్యర్థాలు ఉంచే గది చూపించమని అడగండి. తాళం ఉందా, గోడ మీద బయోహజార్డ్ గుర్తు ఉందా, సిబ్బంది మందపాటి చేతి తొడుగులూ బూట్లూ వేసుకున్నారా చూడండి. వార్డులో ఎర్ర సంచిలోకి దూరం నుంచే ఒక చూపు వేయండి. సూది ఉన్న సిరంజి కనిపిస్తే, లేదా గది చూపించడానికే వెనకాడితే, జీతం ఎంత ఇచ్చినా ఒప్పుకోవద్దు. కర్నూలు ఎన్.ఆర్.పేటలో ఆసుపత్రులకు కొదవ లేదు. చిన్న రక్తపరీక్షల ల్యాబుకు కూడా ఈ నిబంధనలు వర్తిస్తాయి కాబట్టి పని తెలిసినవాళ్లు అన్నిచోట్లా కావాలి. నియామక పత్రం, పీఎఫ్, ఈఎస్ఐ గురించి కూడా అడగండి.

భవిష్యత్తు అన్నారు. ఇంటర్‌తోనే ఆగితే ఈ ఉద్యోగం సూపర్‌వైజర్ దగ్గరే ఆగుతుంది, అది మాత్రం నిజం. ఇగ్నోలో ఆరోగ్య సంరక్షణ వ్యర్థాల నిర్వహణపై ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది, పని చేస్తూనే చదవచ్చు. కానీ అది డిగ్రీకి బదులు కాదు. ఆసుపత్రి వాతావరణమే ఇష్టమైతే బీఎస్సీ నర్సింగ్ గానీ జీఎన్ఎం గానీ చేసి, అనుభవంతో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు (ఆసుపత్రిలో జబ్బులు ఒకరి నుంచి ఒకరికి సోకకుండా చూసే నర్సు) కావచ్చు. ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ మండలి) గుర్తింపు కావాలనుకునే ఆసుపత్రులకు ఆ పోస్టు తప్పనిసరి అవసరం. చదువే ఇష్టమైతే కర్నూలులోనే కె.వి.ఆర్. మహిళా కళాశాలలో బీఎస్సీ చేసి, తర్వాత పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీకి కడప యోగి వేమన విశ్వవిద్యాలయం వైపు చూడవచ్చు. కాలుష్య నియంత్రణ మండలిలో అనలిస్టు పోస్టులను ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది.

నన్నడిగితే ఈ ఏడాది అడ్మిషన్ వదులుకోవద్దు. ఇంటికి డబ్బు అవసరం ఎక్కువగా ఉంటే మాత్రం ఒక్క ఏడాది పని చేయనివ్వండి, వచ్చే ఏడాది నర్సింగ్‌లో చేరేలా ఇప్పుడే మాట తీసుకోండి. టీకా మొదటి డోసు వేయించాకే పంపండి.