లేసు అంచు గిన్నెలా లేస్తుంటే

అమలాపురం అక్కా, టీపాయ్ మీదికి అల్లిన గుండ్రటి లేసు గిన్నెలా పైకి లేస్తోందన్నారు కదా, తప్పు దారానిది కాదు. కుట్లు చాలట్లేదు. కొక్కెం ఉన్న క్రోషే సూదికి దారం ఒకసారి చుట్టి తీసే పొడుగు కుట్టయితే మొదటి వరుసలో 12, తర్వాత 24, 36, 48, అలా వరుసకి 12 చొప్పున పెరగాలి. మరీ ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పడుతుంది, అదీ చూసుకోండి. (మా నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక సరుకన్న ముద్ర, వచ్చింది, ఆమాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి!)

కొంచెమే లేస్తే విప్పకండి. ఉతికి, పల్చటి గంజిలో ముంచి, పాత దుప్పటి మీద పరిచి, తుప్పు పట్టని గుండుసూదులతో చుట్టూ సాగదీసి గుచ్చి ఆరనివ్వండి. ముసురు రోజుల్లో వద్దు, గంజి వాసనొస్తుంది. బాగా లేస్తే మాత్రం లేవడం మొదలైన వరుసదాకా విప్పాల్సిందే.