వెళ్లొచ్చిన సీనియర్‌ని అడగండి

ప్రశ్న: మేడమ్ గారూ, మాది అనంతపురం. నాన్న ఉద్యోగం వల్ల పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నేను సెకండ్ పీయూసీ ఆర్ట్స్ పూర్తి చేశాను. జపాన్, కొరియా వైపు చరిత్ర, రాజకీయాలు చదవాలని ఎప్పటి నుంచో ఆశ. మూడు ప్రైవేటు యూనివర్సిటీలు చూశాం, మూడూ విదేశంలో ఒక సెమిస్టర్ ఉందంటున్నాయి. ఒకదాని బ్రోషర్ నిండా దేశాల జెండాలే. నాన్న మాత్రం ఈ ఫీజులు మనవల్ల కాదు, బీకామ్‌లో చేరు అంటున్నారు. ఏం చెయ్యను?
- ఒక విద్యార్థిని, బెంగళూరు

జవాబు: తల్లీ, ముందు ఆ జెండాల బ్రోషర్ పక్కన పెట్టెయ్. ఎంఓయూ అంటే రెండు యూనివర్సిటీలు కలిసి పనిచేద్దామని రాసుకున్న కాగితం, అంతవరకే. సంతకాలయ్యాక ఒక్క విద్యార్థి కూడా విమానం ఎక్కకపోయినా ఆ జెండా బ్రోషర్‌లో అలాగే ఉంటుంది. నువ్వు అడ్మిషన్ ఆఫీసులో కాదు, డిపార్ట్‌మెంట్‌కే వెళ్లి అడుగు: పోయిన రెండేళ్లలో మీ దగ్గర నుంచి ఎంతమంది వెళ్లారు, ఏ యూనివర్సిటీకి, ఎన్నాళ్లు? "మా క్యాంపస్ మొత్తం మీద ఇంతమంది" అంటే ఆ లెక్క నీకు పనికిరాదు, వాళ్లంతా మేనేజ్‌మెంట్, ఇంజనీరింగ్ పిల్లలే కావచ్చు. పది రోజుల స్టడీ టూర్‌ని కూడా కొన్నిచోట్ల ఇందులోనే కలిపి చెప్తారు. వెళ్లొచ్చిన సీనియర్ ఒకరితో మాట్లాడించమని అడుగు, అరగంట మాట్లాడితే నీకే అంతా తెలిసిపోతుంది.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే మా అక్క కూతురు ఇలాగే ఒక సెమిస్టర్ జపాన్ వెళ్లొచ్చింది. వచ్చిన వారానికి మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద రెండు మార్కుల జాబితాలు పక్కపక్కన పరుచుకుని, అక్కడ చదివిన పేపర్‌కీ ఇక్కడి పేపర్‌కీ పెన్సిల్‌తో గీత గీసి జత కలుపుకుంటూ కూర్చుంది. ఐదింట్లో మూడే కలిశాయి. మిగతా రెండూ పాపం జూనియర్లతో కూర్చుని రాసింది. వెళ్లేముందు ఏ పేపర్‌కి ఏది సమానమో ఎవరూ రాసివ్వలేదు, "చూసుకుందాం లే" అన్నారు, ఆ మాట నమ్మి బయల్దేరింది. కాబట్టి నువ్వు ఆ కాగితం చేతికొచ్చాకే టికెట్ కొనుక్కో. దీని వెనక క్యాలెండర్ గొడవ కూడా ఉంది. జపాన్‌లో చదువుల ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది, రెండో సెమిస్టర్ సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో మొదలై కొత్త ఏడాదిలోకి సాగుతుంది. కొరియాలో అయితే మార్చి, సెప్టెంబరు. మన దగ్గర డిసెంబరుకల్లా పరీక్షలు ముగించి జనవరిలో తర్వాతి సెమిస్టర్ క్లాసులు మొదలుపెట్టేస్తారు, అంటే అక్కడ ఒక సెమిస్టర్ చదివితే ఇక్కడ రెండు సెమిస్టర్లకి దెబ్బ తగలొచ్చు. దీన్ని ఎలా సర్దుతారో చెప్పగలిగిన డిపార్ట్‌మెంట్ నిజంగా పిల్లల్ని పంపిన డిపార్ట్‌మెంట్.

ఇక డబ్బు. నాన్నగారికి ఈ తేడా నువ్వే కూర్చోబెట్టి చెప్పు. ఎక్స్‌ఛేంజ్ అంటే మామూలుగా ఫీజు ఇక్కడి కాలేజీకే కడతావు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. టికెట్, వీసా, ఇన్సూరెన్స్, హాస్టల్, తిండి మాత్రం మనవే. అలా కాకుండా అక్కడి ఫీజు అక్కడే కట్టి చదివే పద్ధతి ఇంకోటుంది, అది లక్షల్లో మాట. రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తుంటారు, విడదీసి అడగాలి. ట్విన్నింగ్ (ఇక్కడి డిగ్రీలో కొంత భాగం విదేశంలో చదవడం), జాయింట్ డిగ్రీ (రెండు యూనివర్సిటీలూ కలిసి ఇచ్చే డిగ్రీ) అన్న మాటలు వినిపిస్తే అవి మళ్లీ వేరు. వాటికి యూజీసీ 2022లో నిబంధనలు పెట్టింది. ట్విన్నింగ్‌లో విదేశంలో చేసే క్రెడిట్లు (పేపర్లకి లెక్కగట్టే పాయింట్లు) మొత్తంలో 30 శాతం దాటకూడదు, జాయింట్ డిగ్రీలో ఒక్కో యూనివర్సిటీలో కనీసం 30 శాతం చెయ్యాలి.

అన్నిటికంటే ముఖ్యం భాష. జపాన్ గురించి ఇంగ్లీషు పుస్తకాలే చదివి జపాన్ నిపుణులం కాలేం, అక్కడి వార్తాపత్రిక మనం చదవగలగాలి. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్‌ట్ స్కాలర్‌షిప్పుల్లో జపనీస్ స్టడీస్ అని ఒక రకం ఉంది. దాదాపు ఏడాది అక్కడే చదివి, తిరిగొచ్చి ఇక్కడ డిగ్రీ ముగించొచ్చు. కానీ అది తమ దేశంలో జపనీస్ భాషో సంస్కృతో ప్రధానంగా చదివేవాళ్లకే. రెండు క్రెడిట్ల ఎలక్టివ్‌గా జపనీస్ పెట్టిన కాలేజీలో చేరితే ఆ దారి మూసుకుపోయినట్టే. ఢిల్లీ జేఎన్‌యూలో జపనీస్, కొరియన్, చైనీస్‌లలో బీఏ ఆనర్స్ ఉంది, సీయూఈటీ అనే దేశవ్యాప్త ప్రవేశ పరీక్ష ద్వారా సీట్లిస్తారు. శాంతినికేతన్‌లోని విశ్వభారతిలోనూ చైనీస్, జపనీస్ చదవొచ్చు, అక్కడి చీనా భవన 1937 నాటిది. రెండూ సెంట్రల్ యూనివర్సిటీలే, ఫీజు చాలా తక్కువ, నాన్నగారి టెన్షన్ సగం అక్కడే తీరుతుంది.

ఈసారి సీయూఈటీ రాయలేదా, ఫర్వాలేదు. బెంగళూరులోనే హిస్టరీ గానీ పొలిటికల్ సైన్స్ గానీ మేజర్‌గా, కనీసం నాలుగు సెమిస్టర్లు భాష చెప్పే చోట చేరు. బయట జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీకి చదువు. పరీక్ష జూలై, డిసెంబరు నెలల్లో ఉంటుంది, అందులో ఐదు మెట్లు, ఎన్‌5 అన్నిటికంటే తేలిక. ఎన్‌5తో మొదలుపెట్టి డిగ్రీ అయ్యేలోపు ఎన్‌3 దాటితే ఎంఏకి ఢిల్లీ యూనివర్సిటీ ఈస్ట్ ఏషియన్ స్టడీస్‌కి ధీమాగా వెళ్లొచ్చు. నాన్నగారు ఉద్యోగం గురించి అడిగితే బిడదిలో టొయోటా ఫ్యాక్టరీ చూపించు. జపనీస్ చదవగల, మాట్లాడగల మనిషి అలాంటి చోట్ల అవసరమవుతూనే ఉంటారు.

ప్రశ్న: మా అబ్బాయి చెన్నైలో బీఏ హిస్టరీ చేశాడు. ఆగ్నేయాసియా మీద ఎంఏ చేస్తానంటాడు. విదేశం పంపే స్తోమత లేదు. ఇక్కడే ఉండి చెయ్యగలిగేది ఏమైనా ఉందా?
- ఒక తండ్రి, విల్లివాక్కం

జవాబు: ఉంది అన్నయ్యగారూ, నిజానికి ఈ విషయానికి చెన్నై కంటే మంచి ఊరు తక్కువ. మద్రాస్ యూనివర్సిటీలో దక్షిణ, ఆగ్నేయాసియా అధ్యయనాలకి ప్రత్యేకంగా ఒక సెంటర్ ఉంది, ముందు అక్కడికెళ్లి అధ్యాపకులతో మాట్లాడమనండి. ఇంకో మాట. కాకినాడ దగ్గరి మన కోరంగి రేవు నుంచి రంగూన్‌కి వెళ్లి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన తెలుగువాళ్లని బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం, మన కోస్తా జిల్లాలు మద్రాస్ ప్రెసిడెన్సీలో భాగం, కాబట్టి ఈ చరిత్రకి సంబంధించిన ప్రభుత్వ కాగితాలు ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకొచ్చు. అబ్బాయికి తెలుగు చదవడం వస్తే, తమిళం కూడా పట్టుబడి ఉంటే, ఆ రెండూ పెద్ద ఆస్తి. వాటికి తోడు బర్మీస్ గానీ ఇండోనేషియన్ గానీ ఒక్క భాష నేర్చుకోవాలి. ఇండోనేషియా ప్రభుత్వం 1974లో మొదలుపెట్టిన దర్మసిస్వా స్కాలర్‌షిప్ మీద అక్కడే ఉండి భాష నేర్చుకోవచ్చు, డిగ్రీ మాత్రం ఇవ్వరు. ఈ ఏడాది ప్రకటన పడిందేమో వాళ్ల ఎంబసీ సైట్లో చూడమనండి, పాస్‌పోర్ట్ లేకపోతే రేపే అప్లై చేయించండి.