కీమో రోజుల్లో మనసుకీ ఒక క్యాలెండర్

చిట్టితల్లీ,

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ కుట్లు ఆరాయని, వచ్చే వారం నుంచి 21 రోజులకోసారి కీమో అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వచ్చినవాళ్లంతా "ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఉండు" అని చెప్పి పోతున్నారట. ముందు ఆ బరువు దించెయ్. ఏడిస్తే జబ్బు ముదరదు, నవ్వితే తగ్గదు. తగ్గించేది మందు. ఆ మందు మధ్యలో మానకుండా, తిండీ నిద్రా మరీ చెడకుండా ఈ ఏడాది గడవాలి. మనసును చూసుకోమనేది అందుకే.

ఒక క్యాలెండర్ తీసి వంటింట్లో తగిలించు. కీమో రోజునా, తర్వాత ఒకటి రెండు రోజులూ వాంతులు రాకుండా సాధారణంగా డెక్సామెథాసోన్ ఇస్తారు. అది స్టెరాయిడ్. ఆ రాత్రులు నిద్ర పట్టదు, అర్ధరాత్రి లేచి అల్మారా సర్దాలనిపిస్తుంది. మాత్ర ఆగాక, దాదాపు మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ఒళ్లూ మనసూ ఒక్కసారే చతికిలబడతాయి. "ఇక నా వల్ల కాదు, ఆపేస్తా" అనే మాట ఎక్కువగా వచ్చేది అప్పుడే. ఆ మూడు రోజుల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టు. ఆ రోజుల్లో వైద్యం గురించీ, ఉద్యోగం గురించీ ఏ నిర్ణయమూ తీసుకోకు. వంట ఎవరిదో, పిల్లాణ్ని బడికి దింపేదెవరో ముందే తేల్చు. ఇంట్లో వేసుకునే స్టెరాయిడ్ మాత్రను పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోవచ్చా అని డాక్టర్ని అడుగు. సాయంత్రం వేసుకుంటే నిద్ర ఇంకా చెడుతుంది.

ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా, ఇన్ఫెక్షన్‌ను అడ్డుకునే తెల్లకణాలు బాగా పడిపోతాయి. జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కి చేరితే, మాత్ర వేసి పొద్దున చూద్దాం అనుకోకండి. ఏ వేళైనా ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. థర్మామీటరు ఫ్రిజ్ మీద, ఆ నంబరు ఫ్రిజ్ తలుపు మీద ఉంటే రాత్రిపూట గుబులు కొంత తగ్గుతుంది. మూడో వారం కాస్త తెరిపి. స్నేహితులను కలవడం, రద్దీ లేని ఆటకు సినిమా, ఏం కావాలన్నా ఆ వారంలోనే పెట్టుకో.

జుట్టు మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు రాలుతుంది. తలగడ మీదా, బాత్రూమ్ జాలీలోనూ కుచ్చులు కనపడటమే ఎక్కువ ఏడిపిస్తుంది. అందుకని ముందే పొట్టిగా కత్తిరించుకో. రాలడం మొదలయ్యాక మిషన్‌తో తీయించు, బ్లేడు వద్దు, గాటు పడితే చీము పట్టొచ్చు. మన దగ్గర ఒక సదుపాయం ఉందిలే. ఆడవాళ్ల గుండు చూస్తే "తిరుపతి వెళ్లొచ్చారా?" అంటారు. చెప్పే ఓపిక లేనప్పుడు ఊఁ కొట్టెయ్.

పరామర్శలకు గేటు దగ్గర ఒకరిని పెట్టు. మీ ఆయనే ప్రతి కీమో తర్వాత బంధువుల వాట్సాప్ గ్రూపులో నాలుగు ముక్కలు పెడితే ఫోన్లు సగం తగ్గుతాయి. "మా తోటికోడలికీ ఇదే..." అని ఎవరైనా మొదలుపెడితే, "ఆవిడ రకం వేరు పిన్నీ, నాది వేరు" అని ఆపు. అది నిజం కూడా. నీ బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడుంటాయి. మొదటి రెండూ ఆ గడ్డ హార్మోన్లతో పెరిగేదా అని చెప్తాయి, మూడోది హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువుందా అని. వాటిని బట్టే మందూ మారుతుంది, ముందు ఎలా ఉంటుందన్నదీ మారుతుంది. "ఏ పాపం చేశావో" అనేవాళ్లకు జవాబే అక్కర్లేదు. "ఏమైనా కావాలంటే చెప్పు" అనేవాళ్లను మాత్రం వదలకు. మంగళవారం పప్పు, చారు పంపమను.

రాత్రి పడుకుంటే ఆలోచనలు తిరుగుతాయి. సాయంత్రం ఐదింటికే ఇరవై నిమిషాలు నోట్‌బుక్‌తో కూర్చో. పేజీ మధ్యలో గీత గియ్యి. ఎడమవైపు డాక్టర్ని అడగాల్సినవి: "అరిచేతుల తిమ్మిరి తగ్గుతుందా?" లాంటివి. కుడివైపు ఎవరూ జవాబు చెప్పలేనివి: "మళ్లీ వస్తే?" రాత్రి కుడివైపుది గుర్తొస్తే, రేపు ఐదింటికి అనుకో. మొదట్లో పనిచేయదు, రోజూ చేస్తే అలవాటు పడుతుంది. ఒంట్లో సత్తువ లేదని మంచానికే అంటుకోకు. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి డాక్టరు ఒప్పుకుంటే అరగంటకు పెంచు. కీమో నీరసానికి విశ్రాంతి కంటే నడక మేలు.

రెండు వారాల పాటు రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అది ధైర్యంతో తేలే సంగతి కాదు. సైకియాట్రిస్టును చూడాలి. టామోక్సిఫెన్ అనే హార్మోన్ వైద్యం మాత్ర వేసుకునే రోజులొస్తే ఆ సంగతి ఆయనకు తప్పక చెప్పు. దిగులుకు ఇచ్చే పెరాక్సిటిన్, ఫ్లూఆక్సిటిన్ లాంటి మందులు దాని పనికి అడ్డొస్తాయి. వేరేవి ఉన్నాయి. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే ఇంట్లో ఎవరినైనా లేపు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

రేడియేషన్ కూడా అయిపోయాక అందరూ స్వీట్లు పంచుతారు. నీకేమో అప్పుడే కాళ్ల కింద నేల కదిలినట్టు ఉండొచ్చు. రోజూ చూసే నర్సులుండరు, ఏ నొప్పి వచ్చినా అదేనేమో అనిపిస్తుంది. రెండు వారాలకూ తగ్గని కొత్త నొప్పైతే చూపించు. గడ్డ తగిలితే ఆగకు. ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించేటప్పుడు డాక్టర్ అపాయింట్‌మెంట్ వీలైనంత దగ్గర్లో పెట్టుకో. రిపోర్టు రాత్రిపూట ఒంటరిగా ఫోన్లో తెరవకు.

జబ్బు మనిషిని ఎదిగేలా చేస్తుందని కూడా వింటావు. టెడెస్కీ, కల్‌హూన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్తలు 1996లో దీన్ని కొలవడానికి 21 ప్రశ్నల పట్టిక వేశారు. మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, తన బలం తెలియడం, ఆధ్యాత్మికత, బతుకు విలువ, ఇలా ఐదు వైపులా మార్పు ఉందా అని అడుగుతుంది. ఆ మార్పు దిగులు పోయాకే రావాలని లేదు, రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. రాకపోతే నువ్వు ఫెయిలైనట్టూ కాదు. అయితే ఒక పని చెయ్యి. వైద్యం అయిపోయిన మూడు నెలలకు, మానేసిన పనులన్నీ మళ్లీ నెత్తికెత్తుకునే ముందు, వాటిలో నువ్వు ఏవి తిరిగి మొదలుపెట్టదలచుకోలేదో రాసి ఇంట్లో అందరికీ చూపించు.

మీ పెద్దమ్మ